పాత రేవును పేటగా మార్చాలంటే: పని ఏ వరసలో సాగాలి

ఓడలు రావడం మానేసిన రేవు, మూతబడిన ఓడల కార్ఖానా, చల్లారిన గ్యాసు ప్లాంటు. నీటి అంచున వందేళ్లు పనిచేసి ఆగిపోయిన ఇలాంటి నేలను ఇళ్లూ దుకాణాలూ పనిచోట్లూ ఉండే పేటగా మార్చాలనుకోగానే అందరి ముందుకూ ఒక బొమ్మ వస్తుంది: నీటి పక్కన నడకదారి, చెట్ల నీడ, పాత క్రేను కింద పిల్లలు. ఆ బొమ్మతోనే పని మొదలుపెట్టినవాళ్లు కట్టిందే మళ్లీ కట్టాల్సి వస్తుంది. ఇక్కడ ఖర్చును తేల్చేవి మూడు: నేల కింద ఏముంది, మట్టిని పట్టి నిలిపిన రేవు గోడలో ఇంకెంత సత్తువ ఉంది, నేల ఎంత మెరక కావాలి. ఈ మూడూ తేలకముందు వీధుల గీతలు గీయకండి. కింద చెప్పే పనులు ఈ వరసలోనే ఉన్నాయి.

అన్ని పటాలకూ ఒకే సున్నా

మొదటి వారంలోనే దగ్గరున్న పటాలన్నిటినీ ఒకే ఆధార మట్టానికి తీసుకురండి. రేవువాళ్ల లోతు పటాల్లో సాధారణంగా అత్యల్ప పాటు (సముద్రం వెనక్కి తగ్గే వేళ, అంటే ఆటు) మట్టం సున్నా. భూమి సర్వే పటాల్లో సగటు సముద్ర మట్టం దగ్గరున్నది సున్నా. ఆటుపోట్ల తేడా పెద్దదైన తీరాల్లో ఈ రెండు సున్నాల మధ్య రెండు మూడు మీటర్లు ఉండటం మామూలే. పాత ఫ్యాక్టరీ నక్షాలకైతే మూడో సున్నా ఉంటుంది, గేటు దగ్గర పాతిన రాయి లాంటిది ఏదో. ఈ తేడా పట్టించుకోకుండా వరద మట్టాన్ని ఒక పటం నుంచి, నేల మట్టాన్ని ఇంకో పటం నుంచి తీసుకుంటే కాగితం మీద పొడిగా కనిపించిన వీధి నిజంలో మునుగుతుంది. ప్రతి నక్షా మూలనా ఆధార మట్టం పేరు రాయించండి. రాయని నక్షాను సంతకం లేకుండా వెనక్కి పంపండి.

హక్కుల లెక్క కూడా ఇప్పుడే. పైనున్న వార్ఫు, పోటు గీతకు దిగువనున్న ఒడ్డు, నీటి కింది నేల మూడూ తరచుగా ముగ్గురివి అయి ఉంటాయి. చాలా దేశాల్లో పోటు గీతకు దిగువ భాగం ప్రభుత్వానిదే. నీటిలోకి చొచ్చుకొచ్చే ఒక్క మెట్ల వరస కోసం విడిగా అనుమతి కావాల్సి రావచ్చు. పాత రైలు పట్టాల హక్కులు, నేల కింద పోయే నూనె గొట్టాల హక్కులు, పై ఊరి మురుగు కాలువ సముద్రంలో కలిసే తూము, ఇవన్నీ ఒకే పటం మీద గుర్తు పెట్టండి. ఆ తూమును కదల్చలేమని తరవాత తెలిస్తే దాని మీద గీసిన భవనం పోయినట్టే.

మట్టి చరిత్ర చదవడం

బోరు వేసే ముందు కాగితం తవ్వాలి. అమెరికాలో శాన్‌బోర్న్, బ్రిటన్, కెనడాలలో గోడ్ కంపెనీలు అగ్నిబీమా కోసం గీసిన పటాలలో ప్రతి ఫ్యాక్టరీలో బాయిలరు ఎక్కడ, నూనె ట్యాంకు ఎక్కడ, రంగుల గది ఎక్కడ అన్నది ఉంటుంది. ఇలాంటివి లేని చోట పన్ను రికార్డులు, ఆకాశం నుంచి తీసిన పాత ఫోటోలు, రైలు సైడింగుల నక్షాలు వెతకండి. వేర్వేరు ఏళ్ల పటాలను ఒకదాని మీద ఒకటి పరిస్తే మూడు సంగతులు తెలుస్తాయి: ఒడ్డు ఏ ఏట ఎంత ముందుకు జరిగింది, అంటే పోసిన మట్టి ఎక్కడ మొదలైంది, ఏ విషం ఎక్కడ వాడారు, ఏ పునాదులు ఇంకా కిందే ఉన్నాయి.

ఏ పరిశ్రమ ఏం వదిలిపెడుతుందో ముందే తెలిస్తే పరీక్షల ఖర్చు తగ్గుతుంది. బొగ్గు నుంచి గ్యాసు తీసిన చోట తారు, బెంజీను, సయనైడు కలిసిన నీలిరంగు వ్యర్థం ఉంటాయి. తారు నీటి కన్నా బరువు కాబట్టి ఇసుకలోంచి దిగి బంకమట్టి పొర మీద ఆగి, ఆ పొర వాలు ఎటుంటే అటు పాకుతుంది. భూగర్భ జలం ఒకవైపు పోతుంటే తారు దానికి ఎదురు పోవడం కూడా ఉంది. ఓడల కార్ఖానాలో సీసపు రంగు, రాగి, జింకు, ఆస్‌బెస్టాస్, ఓడ అడుగుకు పూసే ట్రైబ్యుటైల్ టిన్ దొరుకుతాయి. ఓడలకు ఈ టిన్ పూతను నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది, కానీ అడుగు బురదలో అది దశాబ్దాలు నిలుస్తుంది. తోళ్లు పదును చేసిన చోట క్రోమియం, కలపకు మందు పెట్టిన చోట క్రియోసోటు, ఆర్సెనిక్, ట్రాన్స్‌ఫార్మర్లు నిలిచిన దిమ్మెల కింద పీసీబీలు అనే విష రసాయనాలు. డ్రెడ్జర్ (నీటి అడుగును తవ్వే యంత్రం) తోడిన బురదతో పూడ్చిన నేలలో ఏ ఫ్యాక్టరీ లేకపోయినా కుళ్లిన పదార్థం నుంచి మీథేను పుడుతుంది.

బోర్లు మొదటి విడతలో 25 మీటర్ల గడిలో వేయించి, అనుమానం ఉన్న చోట 10 మీటర్లకు తగ్గించండి. ప్రతి బోరూ పోసిన మట్టిని దాటి సహజమైన నేలను తాకాలి. అయితే బంకమట్టి పొరను తొలిచేటప్పుడు పై భాగానికి గొట్టం బిగించి, చుట్టూ సీలు చేశాకే కిందికి వెళ్లాలి. లేకపోతే వందేళ్లుగా ఆ పొర మీద ఆగిన తారుకు మీ బోరే దారి చూపిస్తుంది. శుభ్రంగా ఉన్న లోతు నీళ్లను పరీక్ష పేరుతో పాడుచేయడం ఈ రంగంలో ఇప్పటికీ జరుగుతున్న తప్పు, దానికి క్షమాపణ లేదు.

నీటి మట్టాన్ని ఒక్క రోజు కొలిచి వదిలేయకండి. పరిశీలన బావుల్లో ఆటోమేటిక్ కొలత పరికరాలు దించి, 15 నిమిషాలకోసారి చొప్పున కనీసం 15 రోజులు రాయించాలి. అప్పుడే అమావాస్య, పౌర్ణమి పోట్లూ అష్టమి నాటి చిన్న పోట్లూ రెండూ లెక్కలోకి వస్తాయి. గోడ వెనక బావిలో నీరు పోటుతో లేచి, పాటుతో దిగకుండా ఆగిపోతోందంటే గోడలోని ఊట రంధ్రాలు పూడుకుపోయాయని అర్థం. ఈ ఒక్క గ్రాఫు తరవాతి పనిలో లక్షల విలువ చేస్తుంది.

తీసేయాలా, కప్పాలా

విషం ఉన్నంత మాత్రాన ప్రమాదం కాదు. విషం, అది ప్రయాణించే దారి, చేరే మనిషి లేదా చేప, ఈ మూడూ కలిస్తేనే ప్రమాదం. దేన్ని తెంపుతున్నారో ప్రతి చోటా రాసుకోండి. బెంజీను ముద్దలు, తారు గుంటలు లాంటి మూలాలను తవ్వి తీయడమే మేలు. పలచగా పరుచుకున్న సీసం మీద మట్టి కప్పినా చాలు. భవనం, రోడ్డు వచ్చే చోట అవే కప్పు. తోటలూ పిల్లల ఆట స్థలాలూ ఉన్న చోట కనీసం 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా మంచి మట్టి కావాలి, చెట్ల గుంటల్లో మీటరున్నర. పాత మట్టికీ కొత్త మట్టికీ మధ్య కొట్టొచ్చే రంగున్న ప్లాస్టిక్ వల పరవండి. ఇరవై ఏళ్ల తరవాత గొట్టం కోసం తవ్వే కూలీకి అదే హెచ్చరిక.

సియాటిల్‌లో గ్యాసు ప్లాంటు 1956లో ఆగింది. నగరం ఆ స్థలం కొని 1975లో పార్కుగా తెరిచింది. పార్కు రూపకర్త రిచర్డ్ హాగ్ పాత గోపురాలను కూల్చకుండా నిలబెట్టాడు, శిథిలాలను గుట్టగా పోసి మట్టి కప్పాడు, మట్టిని సూక్ష్మజీవులతో శుద్ధి చేయించాడు. తరవాతి దశాబ్దాల్లోనూ అక్కడ తారు పైకి ఊరుతూ వచ్చింది, శుద్ధి పనులు మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చింది. కప్పడం అంటే దాన్ని కనిపెట్టుకుని ఉండటం కూడా. ఆ కాపలా ఖర్చు మొదటి బడ్జెట్లోనే రాయాలి.

ఆవిరి సంగతి వేరు. ట్రైక్లోరోఇథిలీను (లోహాల జిడ్డు కడిగే ద్రావకం), బెంజీను, మీథేను నేల పగుళ్లలోంచి ఇంట్లోకి వస్తాయి. గాలిలో మీథేను 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పురవ్వ చాలు. అందుకే ఫ్లోరింగు కింద 10 సెంటీమీటర్ల గుల్ల కంకర, అందులో రంధ్రాల గొట్టాలు, వాటిని కలిపి కప్పు పైదాకా తీసుకెళ్లే నిలువు గొట్టం, కంకర మీద మందపాటి గ్యాసు నిరోధక పొర వేస్తారు. అవసరమైతే తరవాత ఆ గొట్టానికి ఫ్యాను బిగించవచ్చు. ఈ పొర మధ్యలో చిరగడం తక్కువ. కారేది పైపులు దాన్ని దాటే చోట్ల, గోడ అంచుల దగ్గర. కాంక్రీటు పోసే ముందు పొర కిందికి పొగ ఊది చూడండి. పోశాక చూసి లాభం లేదు.

మంచినీటి గొట్టం మరచిపోయేవాళ్లు చాలామంది. పెట్రోలు జాతి నూనెలు మామూలు పాలిథీను గొట్టం గోడను దాటి నీళ్లలో కలుస్తాయి. నూనె తగిలిన నేలలో లోపల అల్యూమినియం పొరున్న గొట్టం గానీ, నూనెను తట్టుకునే రబ్బరు రింగులతో డక్టైల్ ఇనుప గొట్టం గానీ వాడాలి. గొట్టాలన్నీ శుభ్రమైన ఇసుక నింపిన ఒకే వెడల్పాటి కందకంలో పోతే మరమ్మతు చేసేవాడు విషం ముట్టనక్కర్లేదు. కందకం విషమున్న నీళ్లకు కాలువగా మారకుండా మధ్య మధ్య బంకమట్టి అడ్డుకట్టలు వేయాలి.

నీటి అడుగున బురద ఉంటే తవ్వాలా, ఇసుకతో కప్పాలా అన్నది ఆ నీళ్లలో ఏ పడవలు తిరుగుతాయన్నదాన్ని బట్టి తేలుతుంది. 30 నుంచి 60 సెంటీమీటర్ల ఇసుక కప్పు నిశ్చలమైన నీళ్లలో నిలుస్తుంది. ఫెర్రీ ప్రొపెల్లరు తగిలే చోట రాళ్ల పొర లేకపోతే ఒక్క సీజనులో కొట్టుకుపోతుంది. ఫెర్రీ రేవు ఎక్కడో తేలకముందే కప్పు డిజైను పూర్తి చేయకండి.

రేవు గోడ

మొత్తం పనిలో ఎక్కువ డబ్బు మింగేది ఇదే, ఎక్కువమంది చివరిదాకా వాయిదా వేసేదీ ఇదే. గోడ ఏ రకమో ముందు తెలుసుకోండి: బరువు మీద నిలిచిన రాతి గోడా, వెనక లంగరు కడ్డీలతో పట్టిన ఉక్కు షీట్ పైలా (నేలలోకి దించిన ఉక్కు రేకుల గోడ), కలప పైల్స్ (నేలలోకి దించిన స్తంభాలు) మీద పరిచిన వేదికా. పైనుంచి చూస్తే మూడూ ఒకలాగే రాతి అంచుతో కనిపిస్తాయి.

ఉక్కు గోడను పాటు వేళ పడవలోంచి చూడాలి. అత్యల్ప నీటి గీత దగ్గర నారింజ రంగు మెత్తని పొర, దాన్ని గీకితే నల్లని బురద, దాని కింద మెరిసే గుంటలు పడ్డ ఉక్కు కనిపిస్తే అది సూక్ష్మజీవుల వల్ల వేగంగా పట్టే తుప్పు. మామూలు తుప్పు ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువ తింటే, ఇది అర మిల్లీమీటరు, అంతకన్నా ఎక్కువ కూడా తింటుంది. పది మిల్లీమీటర్ల పైల్ ఇరవై ఏళ్లలో చిల్లులు పడుతుంది, చిల్లు పడితే వెనక ఇసుక కారిపోయి నడకదారి ఒకరోజు ఉన్నట్టుండి కుంగుతుంది. డైవర్లతో అల్ట్రాసౌండ్ మందం కొలతలు 20, 30 మీటర్లకు ఒక వరస చొప్పున తీయించండి. లంగరు కడ్డీలను మాత్రం తవ్వి చూడక తప్పదు. మూడు నాలుగు చోట్ల గుంట తీసి కడ్డీ మందం, నట్టు పరిస్థితి చూడాలి. గోడ బాగుండి కడ్డీ తెగిన గోడలు చాలానే ఉన్నాయి.

కలప పైల్స్ ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉంటే గాలి తగలక వందల ఏళ్లు నిలుస్తాయి. బేస్‌మెంటు తవ్వకం కోసం చుట్టూ నీరు తోడినప్పుడు తలలు బయటపడి బూజు పడుతుంది. పైగా, నీళ్లు బాగుపడితే పురుగు తిరిగొస్తుంది. న్యూయార్క్ రేవులో నీళ్లు మురికిగా ఉన్నంత కాలం కొయ్యను తొలిచే సముద్ర జీవులు బతకలేదు. 1972 స్వచ్ఛ జల చట్టం తరవాత నీళ్లు శుభ్రపడ్డాయి, టెరిడోలు వచ్చి పాత వార్ఫుల కింది కొయ్యలను తినడం మొదలుపెట్టాయి. నదిని శుద్ధి చేసే పథకం, కలప వార్ఫును నిలబెట్టే పథకం ఒకే ఫైల్లో ఉంటే రెండోదానికి కాంక్రీటు తొడుగు ఖర్చు కలపండి.

ఇప్పుడు లెక్క. గోడ వెనక నీరు బయటి నీటి కన్నా మీటరు ఎత్తున నిలిస్తే ఆ లోతున గోడ మీద చదరపు మీటరుకు ఒక టన్ను అదనపు తోపు. ఒక మీటరు మట్టి కొత్తగా పోస్తే నేల మీద చదరపు మీటరుకు రెండు టన్నులకు దగ్గరగా బరువు, అందులో మూడో వంతు దాకా పక్క తోపుగా గోడ మీదికి వస్తుంది. పాత గోడ సరుకు బరువు మోసింది కదా అని ధీమా వద్దు. ఆ సరుకు వచ్చేది, పోయేది. మీరు పోసే మట్టి శాశ్వతం. అందుకని గోడ ఎత్తు ఎంతో అంత దూరం వెనక్కి, వీలైతే దానికి ఒకటిన్నర రెట్లు వెనక్కి వెళ్లాకే మెరక మొదలుపెట్టండి. స్థలం లేదంటే తేలిక నింపుడు వాడాలి. థర్మోకోల్ దిమ్మెలు ఘనపు మీటరుకు 20 కిలోలే, కానీ వరదొస్తే పైకి తేలతాయి. వాటి మీద సరిపడా బరువు ఉందో లేదో చూసుకోవాలి. నురుగు గాజు ముక్కలు అంతకన్నా బరువు, నీరు లోపలికి పోయి బయటికి రాగలదు కాబట్టి తేలే భయం తక్కువ.

అగ్నిమాపక వాహనం గోడ అంచుకు ఎంత దగ్గరగా రావచ్చో ఆ దూరాన్ని పటం మీద గీతగా గీయండి. ఇరవై టన్నుల పైన బరువున్న ఆ బండి రాకూడని చోట నేల మీద కూడా గుర్తు కనిపించాలి.

మెరక ఎంత

వరద లెక్కకు నాలుగు కలపాలి: తుఫాను పోటు, అల ఎగిసే ఎత్తు, భవనం ఆయువులో పెరిగే సముద్ర మట్టం, అదనపు జాగ్రత్త కోసం 30 నుంచి 60 సెంటీమీటర్లు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం 2100 నాటికి ప్రపంచ సగటు సముద్ర మట్టం అతి తక్కువ ఉద్గారాల దారిలో 0.28 నుంచి 0.55 మీటర్లు, అతి ఎక్కువ దారిలో 0.63 నుంచి 1.01 మీటర్లు పెరగవచ్చు. దీనికి స్థానికంగా నేల కుంగుదల కలపాలి. పూడ్చిన నేలల్లో చాలాసార్లు సముద్రం పెరిగే వేగం కన్నా నేల దిగే వేగమే ఎక్కువ.

జర్మనీలో పాత రేవు స్థలంలో వచ్చిన హాంబుర్గ్ హాఫెన్‌సిటీ 157 హెక్టార్లది, నగరపు కరకట్టకు బయట ఉంది. చుట్టూ కొత్త కట్ట కడితే నీరు కనిపించదు, పైగా మొదటి ఇల్లు కట్టకముందే మొత్తం కట్ట ఖర్చు పెట్టాలి. వాళ్లు ఇంకో దారి పట్టారు. భవనాలనూ వీధులనూ సముద్ర మట్టానికి ఎనిమిది తొమ్మిది మీటర్ల ఎత్తున మట్టి దిబ్బల మీద నిలిపారు, నీటి పక్క నడకదారులను పాత రేవు ఎత్తులోనే వదిలేశారు. దిబ్బ లోపలి భాగం కార్లు నిలిపే చోటు. తుఫాను రోజున కింది నడకదారి మునుగుతుంది, అక్కడి దుకాణాల తలుపులకు వరద గేట్లు మూస్తారు, పై వీధిలోంచీ వంతెనల మీదుగానూ జనం, అంబులెన్సులు తిరుగుతూనే ఉంటాయి. ఈ పద్ధతిలో బలం ఏమిటంటే ఒక్కో గడి (వీధుల మధ్య ఉన్న స్థలం) ఒక్కో ఏడు కట్టుకుంటూ పోవచ్చు. ఒకటి తప్పనిసరి: వరదలోనూ పొడిగా ఉండే దారి మొదటి ఇంటితో పాటే తయారవ్వాలి.

టొరంటో మరో రకం. డాన్ నది ముఖద్వారం దగ్గర ఫ్యాక్టరీ నేలలన్నీ వరద ముంపులో ఉండేవి కాబట్టి ఇళ్లకు అనుమతే లేదు. 2017లో మూడు స్థాయిల ప్రభుత్వాలు కలిసి 125 కోట్ల కెనడా డాలర్లు కేటాయించి, ముందు నదికి కొత్త లోయ తవ్వాయి. నీటికి దారి ఇచ్చాకే స్థలాల మాట.

నేల కుంగకుండా ఉండాలంటే మెరకను కట్టడం కన్నా ముందే పోసి ఆగాలి. మెత్తటి బంకమట్టిలో మీటరు నుంచి మీటరున్నర ఎడంలో మట్టిలోని నీటిని బయటికి లాగే నిలువు డ్రెయిన్ పట్టీలు దించి, పైన అవసరాన్ని మించి మట్టి పోస్తే ఏళ్ల కుంగుదల నెలల్లో ముగుస్తుంది. కుంగుదల పలకల రీడింగు గ్రాఫు చదునయ్యే దాకా ఆ అదనపు మట్టి తీయొద్దు. కాంట్రాక్టరు తొందర పెడతాడు, ఆ గ్రాఫే మీ జవాబు. భూకంపాలున్న చోట వదులుగా పోసిన ఇసుక ఊబిలా మారుతుంది. 1995లో కోబె పోర్ట్ ఐలాండ్‌లో రేవు గోడలు సముద్రం వైపు మీటర్ల కొద్దీ జరిగాయి. ఇసుకను ముందే గట్టిపరచిన భాగాలు చాలా మెరుగ్గా నిలిచాయి.

భవనం పైల్స్ మీద కదలదు, చుట్టూ వీధి దిగుతుంది. ఐదేళ్లకు గుమ్మం ముందు అడుగు లోతు మెట్టు పడుతుంది, గోడ దాటే చోట మురుగు గొట్టం తెగుతుంది. గుమ్మం దగ్గర ఒక అంచు భవనం మీద, ఇంకో అంచు నేల మీద ఆనే వాలు పలక వేయండి. గొట్టాలకు సాగే జాయింట్లు పెట్టండి. కుంగే మట్టి పైల్స్‌ను పట్టి కిందికి లాగే బరువు కూడా పైల్ లెక్కలో ఉండాలి. వాన నీటి తూములకు పోటు వెనక్కి తోసుకురాకుండా కవాటాలు పెడితే సరిపోదు. కవాటం మూసుకున్న ఐదారు గంటల్లో కురిసే వాన ఎక్కడ నిలవాలో చెరువో ట్యాంకో చూపించాలి.

వీధులు, స్థలాల అమ్మకం

ఊరి వీధులు నీటి దాకా నేరుగా సాగాలి. ఫ్యాక్టరీ ప్రహరీ వందేళ్లు అడ్డుకున్న చూపు అది. న్యూయార్క్ 1993 నుంచి తీర స్థలాల్లో దాదాపు 12 మీటర్ల వెడల్పు ప్రజా నడకదారిని చట్టంలో రాసింది. గడులు 60 నుంచి 80 మీటర్లకు మించకుండా చూసుకోండి, కింది అంతస్తు ఎత్తు నాలుగున్నర, ఐదు మీటర్లు ఉంచండి. మొదట్లో దుకాణం రాకపోయినా ఆ ఎత్తు ఉంటే తరవాత వస్తుంది.

రవాణా ముందు రావాలి. లండన్ పాత రేవుల ప్రాంతం డాక్‌లాండ్స్ అభివృద్ధికి 1981లో సంస్థ ఏర్పడింది. 1987లో వచ్చిన తేలికపాటి రైలు అక్కడి ఆఫీసుల పేట కెనరీ వార్ఫ్ గుంపును మోయలేకపోయింది. కెనరీ వార్ఫ్‌ను కడుతున్న ఒలింపియా అండ్ యార్క్ 1992లో దివాలా తీసింది. జూబిలీ లైను మెట్రో రైలు 1999లో గానీ రాలేదు.

స్థలం అమ్మకంలో హాంబుర్గ్ పద్ధతి నేర్చుకోదగ్గది. నగరమే స్థలం యజమాని. కొనేవాడిని ఎంచడానికి ధర కన్నా పథకం నాణ్యతకే ఎక్కువ బరువు, సుమారు 70 శాతం. ఎంపికయ్యాక వెంటనే రిజిస్టర్ చేయరు. కొంత గడువిచ్చి, ఆ గడువులో డిజైను పోటీ, మట్టి పరీక్షలు, కట్టడ అనుమతి పూర్తిచేయమంటారు, అప్పుడే అమ్మకం. కొని ఖాళీగా పెట్టి ధర పెరిగాక అమ్ముకునే ఆట దీంతో ఆగుతుంది. పడమటి భాగాలు ముందు బాగా ఖరీదైనవిగా వచ్చాయి. 2010 తరవాత కొత్త గడుల్లో మూడో వంతు ఇళ్లు సబ్సిడీ అద్దెవి ఉండాలన్నారు. ఆ షరతు మొదటి గడి నుంచే పెట్టడం మంచిది. పేట పేరు పెరిగాక పెట్టాలంటే భూమి ధర అడ్డు నిలుస్తుంది. రేవులో పనిచేసిన కుటుంబాలు పక్క వీధిలోనే ఉంటాయి, వాళ్ల అద్దెలు పెరిగేది కూడా సరిగ్గా అప్పుడే.

పాత గోదాములు, క్రేన్లు

ఏది ఉంచాలో శుద్ధి కాంట్రాక్టు పిలవకముందే జాబితా కట్టండి. లేకపోతే తారు తీసే యంత్రం రాతి పేవ్‌మెంటునూ తీసుకుపోతుంది. గ్రానైటు దిమ్మెలను నంబర్లు వేసి పేర్చి దాచండి.

ఇటుక గోడలకు సిమెంటు దరజు పట్టకండి. పాత ఇటుక మెత్తన, సిమెంటు గట్టి. తేమ దరజులోంచి రాలేక ఇటుకలోంచి వస్తుంది, ముఖం పొరలుగా రాలిపోతుంది. సున్నపు గారే వాడాలి. ఉప్పు, చక్కెర, ఎరువు నిలవచేసిన గోదాముల్లో గోడ లోపలి ఉప్పును తడి గుజ్జు పట్టీలతో చాలాసార్లు లాగాక గానీ పూత వేయొద్దు. పోత ఇనుప స్తంభాలకు వెల్డింగు చేయొద్దు, పగులుతాయి. బోల్టులతో పట్టీలు బిగించండి.

గోదాము లోతు 30 మీటర్లు ఉంటే మధ్యలో వెలుతురుండదు. కిటికీ పై అంచు ఎత్తుకు రెండు, రెండున్నర రెట్ల దూరం దాకే పగటి వెలుగు చేరుతుంది. మధ్యలో కోసి చావడి తీయాలి, లేదా చీకటి భాగంలో మెట్లూ స్టోర్లూ పెట్టాలి. బ్రూక్లిన్‌లో 2004లో ఆగిన డొమినో చక్కెర మిల్లులో కిటికీలకూ అంతస్తులకూ పొంతన లేదు, ఎందుకంటే అవి యంత్రాల చుట్టూ కట్టినవి. అందుకే ఇటుక గోడలను మాత్రం నిలిపి, లోపల కొంత ఎడం వదిలి కొత్త గాజు భవనం కట్టారు. 2023లో అది తెరుచుకుంది. హాంబుర్గ్‌లో 1960ల నాటి కాకావో గోదాము మీద సంగీత మందిరం నిలపడానికి ఉన్న 1,111 పైల్స్ చాలక మరో 650 దించాల్సి వచ్చింది. పాత పునాది పాత బరువుకే సరి.

లివర్‌పూల్ రేవుల ప్రాంతం కొత్త కట్టడాల కారణంగా 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తప్పింది. ఎత్తు పరిమితులను ముందే చట్టంగా రాయాల్సింది ఇలాంటి చోట్లకే.

క్రేను ఉంచుతుంటే సీసపు రంగు తీయించి, తిరిగే భాగాన్ని తాళం వేసి బిగించి, ఏటా తనిఖీకి డబ్బు కేటాయించండి.

పక్కన ఇంకా పనిచేసే రేవు

వాంకూవర్ గ్రాన్‌విల్ ఐలాండ్‌లో సిమెంటు కాంక్రీటు ప్లాంటును పంపించేయకుండానే 1979లో పక్కనే ప్రజల మార్కెట్ తెరిచారు. కేప్‌టౌన్ వాటర్‌ఫ్రంట్‌లో చేపల పడవలూ ఓడ మరమ్మతులూ ఆగలేదు. ఇలా పని సాగే చోట రాత్రి శబ్దం రెండు నెలలు కొలిచి, ఆ వైపు పడకగదులు రాకుండా ఇళ్లను తిప్పండి. శబ్దాన్ని ఆపే బాధ్యత కొత్తగా వచ్చే భవనానిదే అని అమ్మకం పత్రంలో రాయాలి. రాయకపోతే కొత్త నివాసుల ఫిర్యాదులతో పాత పని మూతబడుతుంది.

అంచు వాడుకలోకి వచ్చాక

జనం గుమికూడే చోట రెయిలింగు మీటరు 10 సెంటీమీటర్ల ఎత్తు, కడ్డీల సందు 10 సెంటీమీటర్ల లోపు ఉండాలి. నీళ్లలో పడ్డవాడు పైకి రావడానికి 30 నుంచి 50 మీటర్లకు ఒక నిచ్చెన కావాలి. అది అత్యల్ప నీటికి ఒక మీటరు కింది దాకా దిగాలి, పట్టుకునే కడ్డీ పైన గట్టు మీదిదాకా రావాలి. నాచు పట్టే మెట్లను పాటు తరవాత కడిగే మనిషిని పెట్టండి. తాడుతో తేలుడు చక్రాలు నిచ్చెనల పక్కనే వేలాడాలి, వెలుతురు వాటి మీద పడాలి.

గోడ నీటి పైభాగాన్ని ఏటా, కింది భాగాన్ని ఐదేళ్లకోసారి డైవర్లతో చూపించాలి. ఊట రంధ్రాలు, తూముల కవాటాలు పెద్ద పోట్ల కాలానికి ముందు శుభ్రం కావాలి. గ్యాసు గొట్టాల్లో రీడింగు మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి తీయాలి. పరిశీలన బావుల మూతల మీద కొత్త పేవ్‌మెంటు పరిచేయడం మామూలుగా జరిగే పొరపాటు, కాబట్టి వాటి స్థానాలు నక్షాలో, నేల మీద రెండు చోట్లా ఉండాలి. ఈ పనులకు డబ్బు ఎవరిదో స్థలాలు అమ్మే ముందే తేల్చి, ప్రతి గడి యజమానీ ఏటా ఇచ్చే వాటాను రిజిస్ట్రేషను పత్రంలోనే రాయించండి.